సామాజిక మాధ్యమాల్లో సమాచార సంకలనం

వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు పెట్టిన వార్తలు, ఫొటోలు, వీడియోలు, వాటిపై వచ్చిన వ్యాఖ్యలను ఒకచోటికి చేర్చి, వరుసలో పేర్చి, చదువరులకు అందించే ఏర్పాటే సామాజిక మాధ్యమాల్లో సమాచార సంకలనం. సేకరణ, క్రమం, పంపిణీ అనేవి ఇందులోని మూడు దశలు. రచన ఎవరిదైనా, దాన్ని ఎవరు చూస్తారో, దేని తర్వాత చూస్తారో ఈ దశల్లోనే తేలుతుంది. ఎక్కడిది, ఎప్పటిది అన్న ఆనవాళ్లు చెరిగిపోయేదీ ఈ దశల్లోనే. వాన కబురు, మార్కెట్ ధర ఫోన్లోనే అందుతున్న అనంతపురం వంటి కరువు సీమలో ఈ ఏర్పాటు ప్రభావం సేద్యం దాకా వచ్చింది.

చరిత్ర

అంశాల వారీగా చర్చలను ఒకచోట చేర్చిన తొలి వ్యవస్థల్లో 1980లో మొదలైన యూజ్‌నెట్ ముఖ్యమైనది. 1990లలో ప్రవాస తెలుగువారు అందులోని 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు' అనే వార్తా బృందంలో కలుసుకునేవారు. తెలుగు లిపి తెరమీద కనిపించని ఆ రోజుల్లో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాల్లో రాసేవారు.

1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడును ప్రవేశపెట్టింది. ఒక సైటులో కొత్తగా ఏం వచ్చిందో మరో సైటు తనంతట తాను తెలుసుకోవడానికి ఇది దారి చూపింది. 2005 డిసెంబరులో ఆటమ్ అనే మరో ఫీడు పద్ధతి ప్రమాణంగా వెలువడింది. ఈ సాంకేతికతతో తెలుగు బ్లాగుల టపాలను ఒకచోట చేర్చిన సంకలినుల్లో వీవెన్ రూపొందించిన కూడలి ప్రసిద్ధమైనది. తెలుగు టైపింగు కోసం లేఖినిని తయారుచేసిందీ ఆయనే. కూడలి తర్వాత జల్లెడ, హారం, మాలిక వంటివి వచ్చాయి. కొత్త టపాలను మాత్రమే కాక కొత్త వ్యాఖ్యలను కూడా ఒకే పుటలో చూపడం మాలికకు పాఠకులను తెచ్చిపెట్టింది. ఈ సంకలినుల్లో క్రమం తేలిక: కొత్తది పైన, పాతది కింద.

2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడును ప్రారంభించడంతో ఈ తీరు మారడం మొదలైంది. 2009 నవంబరులో ట్విటర్ రీట్వీట్ బటన్ తెచ్చింది. ఎంచుకున్న సైట్ల ఫీడులను ఒకచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. తనకు కావలసిన సైట్లను తానే ఎంచుకునే పాఠకుడి స్థానంలోకి, తన ముందుకు వచ్చింది చూసే పాఠకుడు వచ్చాడు. భారతీయ భాషలకే పరిమితమైన షేర్‌చాట్ 2015లో మొదలై తెలుగులోనూ విస్తరించింది.

పనిచేసే తీరు

లింకును పంచుకున్నప్పుడు కనిపించే శీర్షిక, బొమ్మ, రెండు వాక్యాల సారాంశాన్ని సామాజిక మాధ్యమం సొంతంగా రాయదు. అసలు పుటలో దాగిన గుర్తుల నుంచి తీసుకుంటుంది. 2010 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ప్రకటించిన ఓపెన్ గ్రాఫ్ పద్ధతి ఈ గుర్తులకు ఒక ఒరవడి ఏర్పరచింది. అందువల్ల పుట తెరవకుండానే శీర్షిక చదివి వ్యాఖ్య రాసే వీలు కలిగింది.

సాధారణంగా ఒక పోస్టును షేర్ చేస్తే దాని నకలు తయారు కాదు. అసలు పోస్టును చూపే సూచిక మాత్రమే ఏర్పడుతుంది. అసలుది తొలగిస్తే షేర్లలోనూ అది మాయమవుతుంది. వ్యాఖ్యలు మాత్రం ఏ షేర్ కింద రాస్తే దానికే అంటిపెట్టుకుంటాయి. ఒకే వార్త పది బృందాల్లోకి వెళితే పది విడి చర్చలు పుడతాయి, ఒకచోట వచ్చిన దిద్దుబాటు మిగతా తొమ్మిది చోట్లకు చేరదు. వీడియోను దించుకుని మళ్లీ ఎక్కిస్తే అది కొత్త పోస్టే. దాని తేదీ కొత్తది, తీసినవారి పేరు ఉండదు.

వరుసను నిర్ణయించే సూత్రాలు లైకులు, షేర్లు, వ్యాఖ్యలు, చూసిన సమయం వంటివి లెక్కలోకి తీసుకుంటాయి. మిత్రుల మధ్య సంభాషణ రేపే పోస్టులకు ప్రాధాన్యం ఇస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ ప్రకటించింది. అంటే వ్యాఖ్య కేవలం అభిప్రాయం కాదు, పోస్టును పైకి నెట్టే బలం కూడా. ఖండిస్తూ రాసిన వ్యాఖ్య కూడా ఆ పోస్టుకు మరికొందరు చూపరులను తేగలదు.

వాట్సాప్ పద్ధతి వేరు. 2016 ఏప్రిల్ నుంచి దాని సందేశాలన్నీ పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప ఇతరులకు కనిపించని గుప్తలిపిలో ప్రయాణిస్తున్నాయి. బృందాల్లో ఏది ముందు, ఏది వెనుక అని సంస్థ పేర్చదు. ఏది ముందుకు పోవాలో సభ్యులే తేలుస్తారు.

అనంతపురంలో

అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అదీ ఒక ఊళ్లో పడి పక్క ఊళ్లో పడకపోవచ్చు. పదును వాన పడితేనే వేరుశనగ విత్తుతారు కాబట్టి రైతుకు జిల్లా సగటు అక్కరకు రాదు, తన మండలం సంగతి కావాలి. ఈ అవసరం నుంచే వాతావరణ పేజీలు ఆదరణ పొందాయి. 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్' పేరుతో తిరుపతికి చెందిన సాయి ప్రణీత్ వివిధ వనరుల నుంచి సమాచారం సేకరించి, విశ్లేషించి, తెలుగులో రైతులకు అందిస్తున్న తీరును 2021 జూలైలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. ఇలాంటి పోస్టుల కింద 'మా ఊళ్లో పడింది', 'ఇక్కడ చినుకు లేదు' అని వచ్చే వ్యాఖ్యలు కూడా సమాచారమే.

అనంతపురం శివారు కక్కలపల్లి టమాటా మార్కెట్ ధరలదీ ఇదే దారి. ధర రోజురోజుకీ, కాయ నాణ్యతను బట్టీ మారుతుంది. తేదీ, రకం రాయని ధర సందేశం మర్నాటికే తప్పుడు సమాచారమవుతుంది.

తొలకరికి వజ్రకరూరు చేలల్లోనూ, కర్నూలు జిల్లా జొన్నగిరి చుట్టుపక్కలా వజ్రాల వేట సాగుతుంది. ఈ వేట ఏనాటి నుంచో ఉన్నదే. వజ్రం దొరికిందన్న వీడియోలు ఏటా ఆ కాలంలో సామాజిక మాధ్యమాలను చుట్టేస్తాయి. దొరికినవాడి కథే పంచుకోవడానికి పనికొస్తుంది. వట్టి చేతులతో తిరిగొచ్చినవారు ఫీడులో కనిపించరు.

2022 అక్టోబరు వానలకు వంకలు పొంగి అనంతపురం నగరంలోని లోతట్టు కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో పండమేరు వంక పొంగి మళ్లీ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. నెల అదే, ఊరు అదే. తేదీ లేని వరద వీడియో ఏ ఏటిదో చూసి చెప్పడం స్థానికులకూ కష్టం. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన తేదీ, స్థలం వివరాలు మిగలవు.

వదంతులు, నియంత్రణ

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు తెలుగు రాష్ట్రాల్లోనూ వ్యాపించాయి. దేశంలో పలుచోట్ల అమాయకులు మూకదాడుల్లో చనిపోయారు. తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు ఊరూరా తిరిగి, పాటలతో ప్రచారం చేసి ప్రజలను అప్రమత్తం చేశారు. అదే ఏడాది జూలైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. పలుమార్లు ఫార్వర్డ్ అయిన సందేశాలకు 2020 ఏప్రిల్‌లో దాన్ని ఒక్క చాట్‌కు తగ్గించింది.

వాడుకరులు పెట్టిన విషయానికి మాధ్యమ సంస్థలకు సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 79వ సెక్షన్ షరతులతో కూడిన రక్షణ ఇస్తుంది. అభ్యంతరకర సందేశాలకు జైలుశిక్ష విధించే ఇదే చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఈ చట్టం కింద 2021 ఫిబ్రవరి 25న వెలువడిన నియమాలు 50 లక్షలకు మించి వాడుకరులున్న సంస్థలపై అదనపు బాధ్యతలు పెట్టాయి. ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలని, 15 రోజుల్లో పరిష్కరించాలని అప్పటి నియమాలు నిర్దేశించాయి. సంస్థ నిర్ణయం నచ్చకపోతే వాడుకరి అప్పీలు చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఫిర్యాదుల అప్పీలు కమిటీలను ఏర్పాటు చేసింది.