తాటి తీపికి సరుగుడు సెగ

తగరపువలస దాటి శ్రీకాకుళం వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే, భోగాపురం చుట్టుపక్కల రెండు చెట్లు పదేపదే కంటపడతాయి. పొలం గట్ల మీద ఒంటిగానో వరసగానో నిలబడిన తాడు ఒకటి. సముద్రం వైపు ఇసుక నేలల్లో ఒత్తుగా, సన్నగా, ఒకే ఎత్తున పెరిగే సరుగుడు మరొకటి. తాడు ఇక్కడ ఎప్పటినుంచి ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు. సరుగుడు దొరల కాలంలో వచ్చి స్థిరపడింది. ఒకదాన్ని గీస్తే తీపి నీరు, ఇంకొకదాన్ని నరికితే పొయ్యిలోకి కట్టె. ఈ రెండూ కలిసే చోటు బెల్లం పొయ్యి. ఆ పొయ్యి ఈ తీరంలో ఎందుకు పెద్దగా రాజుకోలేదో తెలుసుకోవాలంటే చెట్ల కథతో పాటు చట్టాల కథ కూడా చెప్పుకోవాలి.

ముందు చెట్టెక్కే మనిషిని చూడాలి. తెల్లారకముందే నడుముకు మోకు, కాళ్లకు బందం, వెనక కత్తుల పెట్టె, పక్కన వేలాడే కుండ. మోకును చెట్టు చుట్టూ తిప్పి వెనక్కి ఒరిగి, పాదాలతో మొద్దును ఒత్తిపట్టి, మోకు ఒక జాన పైకి, మనిషి ఒక జాన పైకి. అలా అరవై, డెబ్బై అడుగులు. పైన మట్టల మధ్య కూర్చున్నాక అసలు పని మొదలవుతుంది. పోతుతాడైతే విచ్చుకోని పూగెలల్ని కలిపి కట్టి, కర్రతో మెల్లగా నొక్కుతూ కొన్నాళ్లు మెత్తబరుస్తారు. ఆడ తాడైతే లేత గెలను అలాగే సాధు చేస్తారు. ఆ తరవాత కొసను కాగితమంత పలచగా చెక్కుతారు. మందంగా చెక్కితే గెల త్వరగా అయిపోతుంది. చెక్కకుండా వదిలేస్తే గాయం మూసుకుపోయి నీరు ఆగిపోతుంది. అందుకే పండగైనా, జ్వరమైనా, పొద్దునా సాయంత్రం చెట్టెక్కాల్సిందే. జనవరి నుంచి ఎండాకాలం చివరిదాకా ఇదే దినచర్య.

కుండలోకి దిగేటప్పుడు ఆ నీరు కల్లు కాదు, నిఖార్సైన చక్కెర నీరు. గాలిలోనూ కుండ గోడలకూ ఉండే ఈస్టు దాన్ని పట్టుకుని కొన్ని గంటల్లో పులియబెడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులుపు ఆగుతుంది. అదే నీరా, పాత మాటలో తీపి కల్లు. అంటే ఒకే చెట్టు, ఒకే మనిషి, ఒకే కత్తి. మత్తుకూ తీపికీ మధ్య తేడా వేలెడు సున్నం.

ప్రపంచంలో చెట్టు నీటితో పాకం కాచే జనం చాలామంది ఉన్నారు. కెనడాలో, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మేపుల్ చెట్టు మొదలుకు తొలి వసంతంలో తూటు పొడిచి రసం పడతారు. అందులో తీపి రెండు శాతానికి కాస్త అటూ ఇటూ. లీటరు పాకానికి సుమారు నలభై లీటర్ల రసం కాచాలి. తాటి నీరాలో తీపి పది, పన్నెండు శాతం దాకా ఉంటుంది. బెంగాల్‌లో చలికాలంలో ఈతచెట్టు మొవ్వు దగ్గర చెక్కి తీసే రసంతో చేసే బెల్లానికి ఎంత పేరుందో వేరే చెప్పక్కర్లేదు. శ్రీలంకలో కితుల్ పాకం తీసే చెట్టు మన పార్వతీపురం, అరకు ఏజెన్సీల్లోని జీలుగు చెట్టే. అక్కడ అది సీసాల్లో పాకంగా అమ్ముడవుతుంది, ఇక్కడ కొండల్లో జీలుగు కల్లుగానే తాగేస్తారు.

ఉత్తరాంధ్రలో ఈ పనిని కులవృత్తిగా చేసుకున్న వాళ్లు యాత, సెగిడి, శ్రీశయన కులస్తులు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన దక్షిణ భారత కులాల గ్రంథంలో ఎడ్గర్ థర్స్టన్ యాతల్ని గంజాం, విశాఖపట్నం జిల్లాల కల్లుగీత వాళ్లుగా రాశాడు. ఆ పేరు ఈత అనే మాట నుంచే వచ్చిందన్నాడు. చెట్టు పేరే కులం పేరైందంటే, ఆ బంధం ఎంత పాతదో ఊహించుకోవచ్చు. విజయనగరం జిల్లాలో గోస్తని మీది జలాశయానికి పేరిచ్చిన ఊరు తాటిపూడి. ఆ పేరులోనూ తాడే ఉంది.

ఆ పాత బంధంలోకి సర్కారు లెక్కల పుస్తకంతో వచ్చింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో గీసే ప్రతి చెట్టూ పన్ను కట్టే చెట్టయింది. చెట్టుకు అంకె, అంకెకు లైసెన్సు, దుకాణానికి వేలం. గీసేవాడి చేతిలో కత్తి ఉన్నా, ఏ చెట్టు గీయాలో ఎంత కట్టాలో చెప్పేది అబ్కారీ జవాను. మద్రాసు ప్రెసిడెన్సీ ఖజానాకు అబ్కారీ పెద్ద ఆదాయ వనరు. ఆ ఆదాయానికి అడుగున చెట్టెక్కిన కాళ్లున్నాయి.

తరవాత గాలి అటు నుంచి ఇటు మళ్లింది. 1937లో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధ చట్టం తెచ్చి, ఆ ఏడు అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టింది. యుద్ధకాలంలో ఆగిన నిషేధం స్వాతంత్ర్యం వచ్చాక మళ్లీ కదిలి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా పరుచుకుంది. రాత్రికి రాత్రి గీత కత్తి నేరపు సామానైంది. నిన్న పన్ను కట్టించుకున్న చెట్టునే నేడు గీయకూడదన్నారు.

గీతవాళ్ల బతుకుదెరువు మాటేమిటని అడిగితే వచ్చిన జవాబు తాటి బెల్లం. గాంధీజీ 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పటి నుంచి తాటి బెల్లానికి ఆ ఉద్యమంలో చోటుంది. ఆయన హరిజన్ పత్రికలో దాని గురించి రాశారు కూడా. ఆ తరవాత ఖాదీ, గ్రామ పరిశ్రమల సంస్థలు ఆ పని అందుకున్నాయి. సున్నం పూసిన కుండతో తీపి కల్లు దింపుకోవడానికి అనుమతులిచ్చి, బెల్లం వండటం నేర్పారు. ఆలోచన మంచిదే. మత్తు లేకుండా చెట్టు తీపి మిగలాలి, చెట్టెక్కే మనిషికి కూలి మిగలాలి.

పొయ్యి దగ్గరకు వచ్చేసరికి లెక్క తిరగబడింది. కిలో బెల్లానికి ఎనిమిది, తొమ్మిది లీటర్ల నీరా కాచాలి. అందులో ఏడెనిమిది లీటర్లు ఆవిరైపోవాలి. లీటరు నీళ్లు మరిగి ఆవిరవడానికి ఆరు వందల కిలో కేలరీల పైచిలుకు వేడి కావాలి. ఎండిన కట్టె కిలోకు నాలుగు వేల కిలో కేలరీల దాకా ఇస్తుంది కానీ, మామూలు మట్టి పొయ్యిలో అందులో ఆరో వంతు మాత్రమే బాణలికి తగులుతుంది, మిగతాది గాలిపాలు. లెక్క కడితే కిలో బెల్లం వెనక ఆరేడు కిలోల కట్టె కాలుతుంది. చెరకు బెల్లానికి ఈ బాధ లేదు. అనకాపల్లి వైపు గానుగాడిన పిప్పినే ఎండబెట్టి అదే బెల్లం పొయ్యిలో వేస్తారు, చెరకు తన వంటచెరకు తానే తెచ్చుకుంటుంది. తాడు అలా తెచ్చుకోదు. ఎండిన మట్టలున్నాయి, కానీ తాటాకు ఇంటి కప్పుకు కావాలి, మట్ట దడికి కావాలి. మిగిలిన కట్టె కొనుక్కోవాలి. కొన్న కట్టెతో వండిన బెల్లం, పిప్పితో వండిన బెల్లంతో సంతలో పోటీ పడాలి.

వండే పని కూడా తేలిక కాదు. దింపిన నీరాను ఆ పూటే వడగట్టి బాణలిలో పోయాలి, ఆలస్యమైతే పులిసి పాకం గడ్డకట్టదు. మొదట తెల్లటి నురగ లేస్తుంది. పొంగు తగ్గడానికి చిదిమిన ఆముదపు గింజ వేస్తారు. నీరు తగ్గేకొద్దీ రంగు తేనె నుంచి కాఫీ వైపు తిరుగుతుంది, బుడగలు పెద్దవై బరువుగా పగులుతాయి. అప్పుడు మంట లాగేయాలి. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే ఉండ కట్టాలి. కట్టిన పాకాన్ని కొబ్బరి చిప్పల్లో పోస్తే చిప్ప ఆకారంలోనే బెల్లం అచ్చు దిగుతుంది. ఉండ కట్టకముందే దించేస్తే అది పాకం, అట్టు మీద పోసుకోవచ్చు. ఇదంతా జరుగుతుండగా మగవాడు సాయంత్రం గీతకు మళ్లీ చెట్టెక్కి ఉంటాడు. పొయ్యి దగ్గర పొగలో నిలబడేది ఆడవాళ్లు.

నిషేధం మీద గీతవాళ్ల కడుపుమంట ఒక ప్రభుత్వాన్నే పడగొట్టింది. ఆ కథానాయకుడు ఈ ప్రాంతపు మనిషే. సర్దార్ గౌతు లచ్చన్న 1909 ఆగస్టు 16న శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బారువలో, గీత వృత్తి చేసుకునే పేద ఇంట పుట్టాడు. స్వాతంత్ర్య పోరాటంలో, రైతు ఉద్యమంలో జైళ్లకు వెళ్లాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యాక, నిషేధం తీరును పరిశీలించడానికి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమని చెప్పింది. సర్కారు కదల్లేదు. లచ్చన్న గీత కార్మికుల సత్యాగ్రహం నడిపాడు. చెట్టెక్కి గీయడమే సత్యాగ్రహం, దానికి శిక్ష జైలు. 1954 నవంబరు 6న నిషేధం విషయం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. తెలుగువాళ్ల మొదటి రాష్ట్రపు మొదటి మంత్రివర్గం తాటిచెట్టు కింద పడిపోయిందంటే అతిశయోక్తి కాదు.

చిత్రమేమిటంటే, 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు ఈ రాష్ట్రంలో దాని పెద్ద నాయకుల్లో ఒకడు లచ్చన్నే. నిషేధం తెచ్చిన మనిషీ, నిషేధాన్ని ఎదిరించిన మనిషీ ఒకే జెండా కింద నిలబడ్డారు. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం మాత్రం 1969 దాకా సాగింది. ఇరవై ఏళ్లు దాటిన ఆ కాలంలో ఒక తరం చెట్టెక్కడం మానేసింది.

ఈలోగా రెండో చెట్టు తీరాన్ని ఆక్రమించింది. సరుగుడు ఆకులుగా కనిపించేవి నిజానికి కణుపుల పచ్చటి కొమ్మలు. వేళ్ల బొడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టిస్తాయి కాబట్టి, ఏమీ పండని ఇసుకలో కూడా అది పెరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు తీరంలో దీన్ని పెద్ద ఎత్తున నాటించింది రైలింజన్ల కోసం. బొగ్గు దూరం నుంచి రావాలి, కట్టె తీరం వెంట పెరగాలి. తరవాత ఇంజన్లకు బొగ్గు వచ్చినా సరుగుడు పోలేదు. హోటళ్ల పొయ్యిలు, పట్నపు కట్టెల అడితులు, పందిళ్ల గుంజలు, కట్టడాల పరంజాలు అన్నిటికీ అదే. నాలుగైదేళ్లకు కోత, కోసిన చోట మళ్లీ నారు. వేరుశనగకు వానలు చాలని నేలలో రైతుకు ఇది బ్యాంకు డిపాజిట్టు లాంటి తోట. ఊళ్లో ఆడవాళ్లకు తోట కింద రాలిన సరుగుడు పీచే పొయ్యి రాజేసే చితుకు.

1999 జులైలో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016 మేలో కేంద్రపు ఉజ్వల పథకం గ్యాసు బండల్ని పల్లె ఇళ్లకు తెచ్చాయి. వంటింట్లో పొగ తగ్గింది, ఆడవాళ్ల ఊపిరితిత్తులకు అది పెద్ద వరం. సరుగుడు మాత్రం లారీ మారింది. ఇప్పుడది ఎక్కువగా రాజమండ్రి, ఒడిశాలోని రాయగడ కాగితం మిల్లులకు గుజ్జు కర్రగా వెళ్తుంది.

కోత కూడా మారింది. వెనక గొడ్డలితో మొదలు నరికి, ఇద్దరు కూర్చుని అడ్డరంపంతో ముక్కలు చేసేవాళ్లు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే గొలుసు రంపం, 1929లో పెట్రోలు రంపం చేశాడు. మొదటి యంత్రాన్ని ఇద్దరు మోయాలి, బరువు అరవై కిలోల పైమాటే. ఒక్క మనిషి పట్టుకునే రంపాన్ని ఆయన 1950లో తెచ్చాడు. ఉత్తరాంధ్ర జనం దాన్ని కళ్లారా ఊరూరా చూసింది తుపాన్ల తరవాత. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి, రోడ్ల మీద చెట్లను చాపలా పరిచింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చింది. సహాయ దళాలు ఈ రంపాలతో దారులు తెరిచాయి. అప్పుడది ప్రాణం పోసిన పనిముట్టు.

అదే రంపం తాటిచెట్టు మొదట్లో పెడితే కథ వేరు. ముదురు తాడు బెరడు కింద నల్లటి చేవ ఇనుములా ఉంటుంది. గొడ్డలితో పడగొట్టాలంటే పూట పట్టేది, ఆ కష్టమే చెట్టుకు కొంత కాపలా. దూలానికో, వాసాలకో నిజంగా అవసరమైతేనే నరికేవాళ్లు. ఇప్పుడు నిమిషాల్లో పడిపోతుంది. పడిన తాడు ఇటుక బట్టీకి వెళ్తుంది. చెట్లు నరకడానికి అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నా, గట్టు మీది తాడు గురించి దరఖాస్తు పెట్టేవాళ్లు తక్కువ. నరికిన తాడు మళ్లీ చిగురించదు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే.

భోగాపురంలో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. సుమారు 2,200 ఎకరాలు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లు కొత్త కాలనీలకు కదిలాయి. కొబ్బరి, జీడి, మామిడి, సరుగుడు తోటల మధ్య గట్ల మీది తాళ్లు కూడా ఆ నేలతోనే పోయాయి. ఊరికి విమానం రావడం ఈ జిల్లా పిల్లలకు మంచి అవకాశమే. కానీ పరిహారం లెక్కల్లో చెట్టుకు ధర కడతారు, ఆ చెట్టు ఎక్కడం తెలిసిన కాళ్లకు ధర కట్టే పద్దు లేదు.

2025లో రాష్ట్ర ప్రభుత్వం మద్యం దుకాణాల్లో 10 శాతం గీత కులాలకు కేటాయించింది. ఆ కుటుంబాలకు అది ఆదాయం. చెట్టుకు మాత్రం అందులో చోటు లేదు. అబ్కారీ పన్ను, నిషేధం, దుకాణాల కోటా, మూడింటిలోనూ సర్కారు కల్లును చూసింది గానీ తీపిని చూసింది తక్కువ.

తీపి మీద పని జరుగుతున్న చోటు ఒకటుంది. తూర్పు కనుమల అంచున రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. పులియకుండా నీరా దింపడం, నిలవ ఉంచడం, బెల్లం, పాకం, ముంజెలతో తినుబండారాలు అక్కడి పని. చల్లటి పెట్టెలో నీరాను దించితే సున్నం వాసన ఉండదు. పొయ్యి గోడల్ని సరిగ్గా కట్టి, పొగగొట్టం పెడితే కట్టె ఖర్చు బాగా తగ్గుతుంది. భోగాపురం తీరంలో ఈ రెండూ కలిస్తే, నాలుగేళ్ల సరుగుడు కొమ్మలతో నూరేళ్ల తాటి తీపిని కాచుకోవచ్చు.

వేసవిలో ఈ రహదారి పక్కన ముంజెలు కొట్టి అమ్మే వాళ్లు ఇంకా కనిపిస్తారు. సంక్రాంతి నాటికి తేగలు వస్తాయి. భాద్రపదంలో పండిన తాటికాయలు రాత్రిపూట ధబ్బున రాలుతుంటే, పిల్లలు పొద్దున్నే పోయి ఏరుకుంటారు. గుజ్జు తినేసి పారేసిన టెంక ఇసుకలో పడితే దానంతట అదే మొలుస్తుంది. ఈ ఏడు గట్టు మీద ఒక టెంక పాతితే, అది మొదటి గెల వేసేసరికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. అప్పటికి మోకు వేసి దాన్ని ఎక్కాల్సిన మనిషి ఇప్పుడు ఆ కాయలు ఏరుకుంటున్న పిల్లల్లోనే ఉన్నాడు.