రేవు దాటిన రొయ్య

రొయ్య మన వంటింటికి కొత్తది కాదు. గోంగూరతో వండిన పచ్చి రొయ్యల రుచిని, వానకాలమున అటుకమీది కుండలోనుండి తీసిన రొయ్యపొట్టు వాసనను కోస్తా సీమలవారికి మేము వర్ణించి చెప్పనక్కరలేదు. అయితే ఆ రొయ్య రేవు దాటి పరదేశమునకు పోవునపుడు దానివెంట ఎన్ని కాగితములు, ఎన్ని పరీక్షలు నడచుచున్నవో చాలమంది ఎరుగరు. ఆ కాగితముల చరిత్రలో 1997వ సంవత్సరము మరపురానిది.

ముందు కొంత పూర్వకథ. గడ్డకట్టించి పంపు విద్య రాకమునుపు మన తీరములనుండి పోయినది ఎండు రొయ్యయే. బర్మాకు, సింహళమునకు పోయెడిది. 1950 తరువాతి దశాబ్దములో కొచ్చి రేవునుండి శీతలీకరించిన రొయ్యల ఎగుమతి మొదలైనది. కొనువారు మారినారు: అమెరికా, జపాను, పిదప ఐరోపా. 1963లో ఎగుమతి సరకుల నాణ్యతకై పార్లమెంటు శాసనము చేసినది. 1972లో సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ వెలసినది. 1990 దాటిన పిదప నెల్లూరు మొదలు గోదావరి జిల్లాలవరకు ఎన్నో చేలు రొయ్యల చెరువులైనవి.

తొలిరోజుల పరీక్ష మన ఇల్లాండ్రు ఎరిగినదే. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచినట్లు, సిద్ధమైన సరకులో కొన్ని పెట్టెలు విప్పి చూచెడివారు. అన్నమునకు ఒక మెతుకు చాలును. రోగక్రిములకు ఆ న్యాయము వర్తింపదు. ఒక పెట్టె నిర్మలముగా ఉండి, దాని ప్రక్క పెట్టెలో విషక్రిమి దాగియుండవచ్చును.

ఈ చిక్కు అమెరికాలో 1960 ప్రాంతమున, వ్యోమగాములకు ఆహారము సిద్ధపరచవలసి వచ్చినపుడు, స్పష్టముగా కానవచ్చినది. ఆకాశములో కడుపునొప్పి వచ్చినచో పిలుచుటకు వైద్యుడెక్కడ? పెట్టెలన్నియు విప్పి పరీక్షించినచో తినుటకేమి మిగులును? అందుచేత పిల్స్‌బరీ అను ఆహార కంపెనీవారు, అంతరిక్ష సంస్థవారితోను సైనిక పరిశోధకులతోను కలిసి, దారి మార్చినారు. తుది సరకును చూచుటకు బదులు, వండు క్రమములో కీడు చొరబడగల తావులను ముందే గుర్తించి, ఒక్కొక్క తావున కాపలా పెట్టినారు. ఏ గంటకు ఎంత చల్లదనము ఉన్నదో వ్రాసి ఉంచవలెను. ఇదియే హాసప్ అను పేరుతో లోకమంతట వ్యాపించిన పద్ధతి.

ఐరోపా దేశముల కూటమి 1991లో చేపల సరకులకు ఇట్టి నిబంధనలను శాసించినది. కడుగు నీరు, చల్లు మంచు త్రాగునీటితో సమానముగా ఉండవలెను. గడ్డకట్టిన సరకు సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నిలువవలెను. మన ప్రభుత్వమును 1995లో తత్సమానమైన నియమములు ప్రకటించినది. అదే ఏడాది డిసెంబరులో అమెరికావారు సముద్రాహారమునకు హాసప్ తప్పనిసరి అని చెప్పి, సిద్ధపడుటకు రెండేండ్లు గడువిచ్చినారు. ఇన్ని హెచ్చరికలు వచ్చినను సిద్ధపడినవారు కొద్దిమందియే. పాత పరిచయములున్నవి, సరకు అమ్ముడుపోవుచున్నది. గోడలకు పలకలు, నీటికి శుద్ధియంత్రములు ఎందుకను ధోరణి పెక్కుచోట్ల ఉండెను.

1997లో ఐరోపా తనిఖీదారులు వచ్చినారు. పరిశుభ్రతలో లోపములు చూచినారు. ఆగస్టులో మన దేశపు చేపలకు, రొయ్యలకు ఐరోపా ద్వారము మూతపడినది. ఇంచుమించు అవే దినములలో బంగ్లాదేశమునకును అదే గతి పట్టినది. ఆ అయిదు నెలలలో ఐరోపా బేరము తప్పి ఆ దేశము పోగొట్టుకొన్నది సుమారు 6 కోట్ల 50 లక్షల డాలర్లని పరిశోధకులు తరువాత లెక్కకట్టినారు.

ఇది ఆరోగ్యము పేరిట పెట్టిన వ్యాపారపు అడ్డుగోడ అని కొందరు వాదించినారు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతోపాటు అమలులోనికి వచ్చిన ఒడంబడిక ప్రకారము ఇట్టి నిబంధనకు శాస్త్రీయమైన ఆధారము ఉండవలెను. వాదమునకు తావు లేకపోలేదు. కాని మురికి నీరు మురికి నీరే. ఐరోపావాడు చూచినను, మన పొరుగువాడు చూచినను.

మాకు ఎక్కువగా మనస్సునకు తట్టునది వేరొక సంగతి. కొచ్చి పరిసరములలో రొయ్యలు ఒలుచుట కర్మాగారములలో గాక, ఊరూర చిన్న పాకలలో జరిగెడిది. ఒలుచువారు స్త్రీలు, కూలి ఒలిచినంతకే. కొత్త నిబంధనలతో ఒలుపు పని కర్మాగారపు కప్పు క్రిందికి రావలసివచ్చినది. పెట్టుబడి గలవారు గదులు కట్టించుకొన్నారు. పాకలు పెక్కు మూతబడినవి. తప్పు చేసినవారికంటె, నిబంధన ఏమో వినను కూడ వినని చేతులకే దెబ్బ ముందుగా తగిలినది. పొరుగుదేశపు చట్టము మారినదను వార్త పాకవరకు ఎవరు చేరవేయవలెను? ఆ ప్రశ్నను ఆనాడు వేసినవారు అరుదు.

పిదప నిబంధన కర్మాగారము దాటి చెరువుగట్టునకు వచ్చినది. 2001, 2002 సంవత్సరములలో ఆసియా రొయ్యలలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అను మందుల అవశేషములు ఐరోపాలో పట్టుబడినవి. రోగము వచ్చిన చెరువులో చల్లిన మందు వేలమైళ్ల దూరమున పరీక్షానాళికలో బయటపడుచున్నది. ఈసారి వార్తను రైతువరకు చేర్చు ప్రయత్నము జరిగినది. 2007లో, చిన్న రైతులను సంఘములుగా కూర్చుటకై, కాకినాడ కేంద్రముగా జాతీయ సుస్థిర రొయ్యల సాగు కేంద్రము స్థాపింపబడినది. 2016లో ఐరోపావారు మన చెరువు రొయ్యల సరకులలో నూటికి పదింటికి బదులు ఏబదింటిని పరీక్షింపదొడగినపుడు, గట్టుమీది రైతుకు ఆ మాట అర్థమైనది.

ఆ సంఘముల రైతులకు నేర్పినది ఒక మామూలు లెక్కపుస్తకము వ్రాయుట. పిల్లలు తెచ్చిన తేదీ మొదట. పట్టుబడి తేదీ చివర. నడుమ మేత, నీరు, మందు, ఏనాటిది ఆనాడే.