తాగేది ఎవరని అడిగారు

2015 సెప్టెంబరులో ఒక రాత్రి మా చిన్నమ్మను కోరుట్ల నుంచి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. అప్పటికి మూడు రోజులుగా ఆమెకు నిద్ర లేదు. చేతులు వణుకుతున్నాయి. ఒళ్లో చాట లేకపోయినా బీడీ చుడుతున్నట్టు వేళ్లు కదులుతున్నాయి. గోడ నిండా చీమలు పాకుతున్నాయంటోంది. దారిలో ఫిట్స్ వచ్చాయి.

డ్యూటీలో ఉన్న డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో తాగేది ఎవరు?" భర్త తాగివచ్చి కొడితే తలకు దెబ్బ తగిలిందేమోనని ఆయన అనుమానం. చిన్నాయన పోయి అప్పటికి పదేళ్లు దాటింది. "ఆమెనే సార్. కల్లు. దుకాణం బంద్ అయి నాలుగు రోజులైంది" అన్నాను. ఆయన రాయడం ఆపి ఆమె వంక చూశాడు. పక్కనున్న నర్సు, "తాగుడు మాన్పించే వార్డుల అందరు మొగోళ్లే ఉంటరమ్మా, ఈమెనెట్ల పెడ్తం?" అంది. సెలైన్ ఎక్కించి తెల్లారి పంపించారు. చీటీ మీద 'నీరసం' అని రాశారు.

నేను చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని. రేపెవరైనా ఆ ఏడాది దవాఖాన రికార్డులు తిరగేస్తే మా చిన్నమ్మ వాళ్లకు నీరసం రోగిగానే కనిపిస్తుంది. ఆ చీటీ నన్ను చాలాకాలం వదల్లేదు. మా ప్రాంతంలో తాగుడు చరిత్ర మనం చాలానే రాసుకున్నాం. అందులో ఆడది తాగినవాడి చేతిలో దెబ్బలు తిన్న మనిషిగా ఉంది, సారా దుకాణం మీదికి చీపురు పట్టుకుని పోయిన మనిషిగా ఉంది. తాగి, మానలేక, సాయం కోసం గడప ఎక్కిన మనిషిగా మాత్రం లేదు.

మా ఊరి జనాన్ని చూస్తే ఈ లేకపోవడం ఎంత విచిత్రమో తెలుస్తుంది. 2011 జనగణనలో పాత కరీంనగర్ జిల్లాలో ప్రతి వెయ్యిమంది మగవాళ్లకు 1008 మంది ఆడవాళ్లున్నారు. ఆదిలాబాద్‌లో 1001 మంది. దేశం మొత్తానికి ఆ సంఖ్య 943. ఆడపిల్లల్ని బతకనిచ్చే నేల అని మనం సంతోషించవచ్చు గాని ఆ అంకె వెనుక ఖాళీ అయిన మంచాలు కూడా ఉన్నాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి పోయారు. అంతకుముందు నుంచే పద్మశాలీలు భీవండికీ షోలాపూర్‌కీ మగ్గాల పనికి పోయారు. మిగిలిన ఊరిని ఆడవాళ్లు నడిపారు, ఎక్కువగా బీడీల మీద.

అదే రెండు జిల్లాల్లో ఇంకో రకం పట్టణాలున్నాయి. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని బొగ్గు వల్ల పుట్టి పెరిగిన ఊళ్లు. అక్కడికి మగవాళ్లు నలుమూలల నుంచి వచ్చారు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. ఆ నిబంధనను సడలించింది 2019లో. గని కార్మికుడి తాగుడు అందరికీ కనిపించే సమస్య అయింది. షిఫ్టుకు రాకపోతే మస్టరు పోతుంది, యూనియన్ మాట్లాడుతుంది, కంపెనీకి దవాఖాన ఉంది. బీడీలు చుట్టే మనిషి పని ఇంటి అరుగు మీద. ఆమెకు షిఫ్టు లేదు. రాలేదని అడిగేవాళ్లు లేరు. వెయ్యి బీడీలకు నాలుగు తగ్గితే టేకేదారు కోత పెడతాడు, అంతే. 1976 చట్టంతో బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది, డిస్పెన్సరీలు వచ్చాయి. చిన్నమ్మ అక్కడ దగ్గుకూ నడుము నొప్పికీ మందులు తెచ్చుకునేది. ఆ నడుము నొప్పికి ఆమె రోజూ సాయంత్రం ఏం తాగుతుందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"నేనేమన్న తాగుబోతునా బిడ్డా?" అనేది నాతో. "పొద్దుందాక చాట మీద వంగి కూసుంటె నడుము పట్టుకపోతది. రెండు సీసలు తాగితె ఇంత నిద్ర వస్తది." ఆమె మాటలో అబద్ధం లేదు. తెలంగాణలో కల్లు ఆడవాళ్లకు నిషిద్ధం కాదు. బోనాల పండుగకు, చావుకు, దినానికి, చుట్టం వస్తే కల్లు ఉండాల్సిందే. బాలింతకు కూడా ఇంత పోసేవాళ్లు. సారాది వేరే దారి. 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరా పంపింది. ఉత్తర తెలంగాణలో 1990, 91 నాటికి నక్సలైట్లు సారా అమ్మకాలను ఆపించారు. పోలీసుల కాపలాతో మళ్లీ అమ్మించారని పౌరహక్కుల కార్యకర్తలు ఆరోపించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు.

ఆ పోరాటాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అది లేకపోతే నాలాంటివాళ్లం ఇట్లా రాసేవాళ్లమే కాదు. కాని ఉద్యమం గురి దుకాణం మీద, వేలంపాట మీద, సర్కారు ఆదాయం మీద ఉంది. దుకాణం మూసిన మర్నాడు, అలవాటు పడ్డ ఒంటికి ఏమవుతుందన్న ప్రశ్న ఆ చర్చలో ముందుకు రాలేదు. ఇంకోటి, కల్లు ఆ నిషేధంలోకి రాలేదు. కల్లు సారాలాంటిది కాదనుకున్నాం. చెట్టు కల్లు విషయంలో అది చాలావరకు నిజమే.

మా ఊళ్లో సీసాలోకి వచ్చింది చెట్టు కల్లు కాదు. పట్టణం పెరిగింది, తాళ్లు, ఈదులు పెరగలేదు. ప్లాట్లు పడ్డచోట ఉన్నవీ కొట్టేశారు. మోకు కట్టుకుని చెట్టెక్కి, కాలు జారితే ప్రాణం పోగొట్టుకునే గీత కార్మికుడు తెచ్చే నాలుగు లొట్లు ఊరి దాహానికి ఏ మూలకు? అందుకే డిపోల్లో నీళ్లు, శాక్రిన్, వాటితోపాటు క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం కలిశాయి. క్లోరల్ హైడ్రేట్ 1869 నుంచి ఐరోపాలో నిద్రమందు. డైజోఫాం 1963లో 'వాలియం' పేరుతో అమెరికా మార్కెట్లోకి వచ్చి, ఆ దేశంలో డాక్టర్లు అత్యధికంగా రాసిన మందుల్లో ఒకటయింది. దాన్ని మింగినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇంటిపని, ఒంటరితనం, దిగులు అన్నిటికీ ఒకటే గోలీ. ఆడదాని కష్టాన్ని జబ్బు చేసి నిద్రపుచ్చుతున్నారని 1970ల్లో అక్కడి స్త్రీవాదులు గట్టిగా విమర్శించారు. అక్కడ చీటీ మీద రాసిచ్చిన మందునే ఇక్కడ చెప్పకుండా సీసాలో కలిపారు. ఇక్కడి ఆడవాళ్లకు తాము మింగుతున్నది మందని కూడా తెలియదు.

ఈ మందులకు అలవాటు పడ్డ మనిషికి ఒక్కసారిగా అవి ఆపేస్తే నిద్ర పోతుంది, వణుకు పుడుతుంది, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ రావాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం గుడుంబా మీద, కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు ఈ సంగతి ఎవరూ ముందుగా ఆలోచించలేదు. కల్తీని అరికట్టడం న్యాయమే. కాని ఎక్సైజు వాళ్లు వచ్చిన ఊరికి డాక్టరు రాలేదు. నిజామాబాద్, మెదక్, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల దవాఖానలు వింతగా ప్రవర్తిస్తున్న మనుషులతో నిండాయి. ఆ వరుసల్లో ఆడవాళ్లూ ఉన్నారు.

సాయం అడగడానికి కూడా ఒక చరిత్ర ఉంది. మద్రాసులో శాంతి రంగనాథన్ తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో ఆయన పేరుతో చికిత్సా సంస్థ మొదలుపెట్టారు. తాగుడు తప్పు కాదు, జబ్బు అని ఈ దేశంలో గట్టిగా చెప్పిన తొలివాళ్లలో ఆమె ఒకరు. అమెరికా మాజీ అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ 1978లో మద్యానికి, మాత్రలకు తాను బానిసనని బయటికి చెప్పారు. 1982లో ఆమె పేరున తెరిచిన కేంద్రంలో ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా చోటుండాలని పట్టుబట్టారు. ఒకరు భార్యగా వచ్చారు, ఒకరు రోగిగా వచ్చారు. మన దగ్గర మొదటి దారి కొంతయినా తెరుచుకుంది. రెండో దారి ఇంకా మూసే ఉంది.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. 2019లో ఎయిమ్స్ వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మంది తాగుతామని చెప్పారు. దేశంలో ఇది 1.3 శాతమే. మా పల్లెల్లో 9 శాతం. ఇంతమంది ఉన్నచోట ఆడవాళ్లకు ఒక వార్డు, ఆడ కౌన్సిలరు, చంటిపిల్లతో వచ్చినా ఉండగలిగే గది అడగడం అత్యాశ కాదు. 'ఆడవాళ్లు కూడా తాగుతున్నారు' అన్న వార్త మన సంస్కృతి మీద మచ్చ అనుకునే పెద్దలున్నారు. వాళ్ల భయంతో మనమూ ఆ మాట ఎత్తడం మానుకున్నాం. తెలంగాణ ఆడవాళ్లను తాగుబోతులంటారేమోనని నేనే ఈ వ్యాసాన్ని చాలా ఏళ్లు రాయలేదు.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు సాయుధ పోరాటంలోని ఆడవాళ్ల దగ్గర కూచుని వాళ్ల మాట విన్నారు. విజయాలతో పాటు వాళ్లు మింగిన బాధలూ అందులోకి వచ్చాయి. కల్లు దుకాణం బయట, చెట్టు చాటున, చెంగు కింద సీసా పట్టుకుని నిలబడ్డ బీడీ కార్మికురాలి దగ్గర కూడా మనం అట్లా కూచోవాల్సి ఉంది.

చిన్నమ్మ కథ ఆ రాత్రితో అయిపోలేదు. ఆమె కోడలు ఊరుకోలేదు. కరీంనగర్‌లో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి నెలల తరబడి బస్సులో తిప్పింది. బస్సు కిరాయికి, మందులకు కలిపి రెండు నెలల బీడీ పైసలు పోయాయి. దుకాణం మళ్లీ తెరిచాక ఆమె మళ్లీ తాగింది. దాన్ని నేను దాచను. ఈ జబ్బులో అది మామూలే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందు, కల్లు అన్నీ బంద్ అయ్యాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ దవాఖాన మళ్లీ నిండింది. ఈసారి చిన్నమ్మ వణుకు మొదలైన రోజే ఆశా కార్యకర్తను పిలిపించుకుంది. అంబులెన్సులో దవాఖానకు పోయింది. నన్ను రానియ్యలేదు, ఫోన్లోనే విన్నాను. డాక్టరు మారాడు, ప్రశ్న మారలేదు: తాగేది ఎవరు?

"నేనే సారు" అంది చిన్నమ్మ. "మందు కలిపిన కల్లు. ఇరవై ఏండ్ల సంది. ఒక్కపారి బంద్ పెడితె నాకు ఫిట్స్ వస్తయి. గోలీలు మెల్లమెల్లగ తగ్గియ్యాలె. రాసుకోండ్రి."

రాసుకున్నారు.