సైనిక నియామకాలకు దేహదారుఢ్య సన్నద్ధత: అనంత కరువు సీమ యువత పాటించవలసిన పద్ధతులు

అనంతపురం: సైనిక నియామక ర్యాలీలలో పాల్గొనదలచిన యువకులు అధిక బరువును తగ్గించుకొని, నిర్ణీత సమయంలో పరుగు పూర్తి చేయగల దేహదారుఢ్యాన్ని సాధించడానికి కనీసం ఆరు నెలల క్రమబద్ధమైన సాధన అవసరం. రాత పరీక్ష ఫలితాలు వెలువడిన తరువాత బరువు తగ్గే ప్రయత్నం మొదలుపెట్టేవారికి ఆ వ్యవధి చాలదు. తక్కువ రోజులలో బరువు తగ్గాలని ఆహారం, నీరు మానివేయడం వలన పరుగులో శక్తి సన్నగిల్లడమే కాక ప్రాణాపాయం కూడా ఏర్పడవచ్చును. ఉమ్మడి అనంతపురం జిల్లా పరిస్థితులకు అనుగుణంగా సన్నద్ధమయ్యే విధానం, నియామక ప్రమాణాలు, వైద్య పరీక్షలో తీసుకోవలసిన జాగ్రత్తల వివరాలు ఈ దిగువ పొందుపరచడమైనది.

కరువు సీమ - సైనిక కొలువు

రాయలసీమ పీఠభూమిలో వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్న అనంతపురం జిల్లా దేశంలోనే అతి తక్కువ వర్షపాతం గల జిల్లాలలో ఒకటి. సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. తుంగభద్ర ఎగువ కాలువ కింద ఉన్న కొద్దిపాటి ఆయకట్టు మినహా సేద్యంలో అధిక భాగం వర్షాధారం. ఖరీఫ్‌లో వేసే వేరుశనగ ఊడలు దిగే దశలో వాన ముఖం చాటేస్తే ఆ ఏడాది పెట్టుబడి సైతం తిరిగి రాదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లి గ్రామంలోనే ప్రారంభం కావడం ఇక్కడి ఉపాధి అవసరానికి నిదర్శనం. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడిన తరువాత కూడా రెండు జిల్లాల మెట్ట గ్రామాల పరిస్థితి ఒక్కటే.

ఇటువంటి ప్రాంతంలో పదవ తరగతి అర్హతతో లభించే సైనిక కొలువు ఒక కుటుంబానికి వానపై ఆధారపడని ఆదాయం. అది త్యాగంతో కూడిన కొలువు కూడా. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే నెలలో జమ్మూ కాశ్మీర్ నియంత్రణ రేఖ వద్ద వీరమరణం పొందారు.

నియామక క్రమంలో మార్పు

కేంద్ర ప్రభుత్వం 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. ఈ పథకం కింద ఎంపికైన అగ్నివీరులు నాలుగేళ్లు సేవలందిస్తారు. వారిలో 25 శాతం వరకు శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. పథకం ప్రకటించిన నాటి ప్యాకేజీ ప్రకారం నెలకు మొదటి ఏడాది రూ.30,000, నాలుగో ఏడాది రూ.40,000 చెల్లిస్తారు. అందులో 30 శాతం సేవానిధికి జమ కాగా, అంతే మొత్తాన్ని కేంద్ర ప్రభుత్వం జత చేస్తుంది. వయోపరిమితిని 17½ నుండి 21 ఏళ్లుగా నిర్ణయించి, 2022 సంవత్సరానికి మాత్రం గరిష్ఠ పరిమితిని 23 ఏళ్లకు సడలించారు. అనంతర నోటిఫికేషన్లకు సంబంధించి అభ్యర్థులు అందులో ఇచ్చిన పుట్టిన తేదీల పరిధిని పరిశీలించుకోవలసి ఉంటుంది. వయస్సు పరిమితి స్వల్పం కనుక ఒక యువకునికి లభించే అవకాశాలు మూడు, నాలుగుకు మించవు. బరువు కారణంగా ఒక ర్యాలీ చేజారితే ఒక సంవత్సరం పోయినట్లే.

గతంలో ముందుగా ర్యాలీ, ఆ తరువాత రాత పరీక్ష ఉండేవి. 2023 నుండి ఈ క్రమం మారింది. తొలుత ఆన్‌లైన్ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అందులో అర్హత పొందినవారికి ర్యాలీలో దేహదారుఢ్య, వైద్య పరీక్షలు నిర్వహిస్తున్నారు. ఈ మార్పు ఫలితంగా పలువురు అభ్యర్థులు శిక్షణ కేంద్రాలలో గంటల తరబడి కూర్చొని చదువుకు పరిమితమై, శరీర సాధనను వాయిదా వేసుకుంటున్నారు. కూర్చొని గడిపిన ఆ నెలలలోనే బరువు పెరుగుతుంది. అందుచేత చదువు, సాధన ఒకే రోజు నుండి ప్రారంభం కావాలి.

ప్రమాణాలు

ఆంధ్రప్రదేశ్‌తో కూడిన దక్షిణ ప్రాంతంలో అగ్నివీర్ జనరల్ డ్యూటీ అభ్యర్థికి ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77 సెంటీమీటర్లు, గాలి పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్ల విస్తరణ ఉండాలి. విద్యార్హత పదవ తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం మార్కులు. బరువు విషయంలో ఎత్తుకు, వయస్సుకు తగినట్లుగా సైనిక వైద్య ప్రమాణాల పట్టికను అనుసరిస్తారు.

1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేసినవారికి 60 మార్కులు, 5 నిమిషాల 31 సెకన్ల నుండి 5 నిమిషాల 45 సెకన్ల మధ్య పూర్తి చేసినవారికి 48 మార్కులు లభిస్తాయి. 2025-26 నియామక సంవత్సరపు నోటిఫికేషన్‌లో 6 నిమిషాల 15 సెకన్ల వరకు మరో రెండు గ్రూపులను చేర్చి, వాటికి తక్కువ మార్కులు కేటాయించారు. బీమ్‌పై 10 పుల్‌అప్‌లకు 40 మార్కులు, 9కి 33, 8కి 27, 7కు 21, 6కు 16 మార్కులు ఇస్తారు. 9 అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్‌లో అర్హత సాధిస్తే చాలును.

మహిళా మిలిటరీ పోలీస్ విభాగానికి ఎత్తు 162 సెంటీమీటర్లు. 1.6 కిలోమీటర్ల పరుగును 7 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేసినవారు మొదటి గ్రూపులో, 8 నిమిషాలలోపు పూర్తి చేసినవారు రెండవ గ్రూపులో నిలుస్తారు. 10 అడుగుల లాంగ్ జంప్, 3 అడుగుల హైజంప్‌లో అర్హత సాధించాలి.

మొదటి గ్రూపులో నిలవాలంటే పురుష అభ్యర్థి 400 మీటర్ల ట్రాక్‌పై ఒక్కొక్క చుట్టును సగటున 82 సెకన్లలో, వరుసగా నాలుగు చుట్లు పూర్తి చేయాలి. ఈ వేగంలో శరీరం మోసే ప్రతి అదనపు కిలో భారమే. పుల్‌అప్‌లలో అభ్యర్థి ఎత్తేది తన బరువునే కనుక, కొవ్వు తగ్గినంత మేర అదే భుజబలంతో ఎక్కువ సంఖ్య సాధ్యమవుతుంది.

బరువు తగ్గడం - అసలు లెక్క

సాధారణ ఆరోగ్య సూచిక అయిన శరీర ద్రవ్యరాశి సూచీ ప్రకారం 166 సెంటీమీటర్ల ఎత్తు గల వ్యక్తి బరువు సుమారు 51 నుండి 63 కిలోల మధ్య ఉండటం భారతీయులకు మేలు. 69 కిలోలు దాటితే సూచీ 25ను మించుతుంది. ఇది అభ్యర్థి తన స్థితిని అంచనా వేసుకోవడానికి మాత్రమే. ఎంపికలో సైనిక పట్టికదే తుది నిర్ణయం.

ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలో కేలరీల శక్తి నిల్వ ఉంటుంది. రోజుకు 500 కిలో కేలరీల లోటు కల్పించుకుంటే వారానికి దాదాపు అర కిలో తగ్గుతుంది. అంటే 10 కిలోలు తగ్గడానికి సుమారు 22 వారాలు, ఆటంకాలను కలుపుకుంటే ఆరు నెలలు పడుతుంది. వారం, పది రోజులలో 5 కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలలో తగ్గేది ప్రధానంగా నీరు, కండ. ఆ రెండూ పరుగుకు అవసరమైనవే.

కేవలం పరుగుతో బరువు తగ్గుతుందనే అభిప్రాయం కూడా సరైనది కాదు. 70 కిలోల వ్యక్తి 1.6 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 110 కిలో కేలరీలు ఖర్చవుతాయి. 30 గ్రాముల వేరుశనగ, అనగా ఒక పిడికెడు గింజలు, దాదాపు 170 కిలో కేలరీలనిస్తాయి. కాబట్టి ఆహార నియమం లేని సాధన బరువును తగ్గించలేదు.

ఆహారం

బరువు తగ్గడానికి ఖరీదైన పొడులు, డబ్బాలు అవసరం లేదు. జిల్లాలో పండే పంటలతోనే తగిన ఆహారం సమకూరుతుంది. రాగులలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పీచు పదార్థం వలన ఆకలి త్వరగా వేయదు. అయితే రాగి పిండికి, బియ్యానికి శక్తి విలువలో పెద్ద తేడా లేదు. అందుచేత సంకటి తిన్నంత మాత్రాన బరువు తగ్గరు, ముద్ద పరిమాణం తగ్గించాలి. ఉలవలలో 100 గ్రాములకు సుమారు 22 గ్రాములు, వేరుశనగలో సుమారు 25 గ్రాములు మాంసకృత్తులు ఉన్నాయి. వేరుశనగలో నూనె అధికం కనుక ఊరుబిండిని మితంగా, ఉలవలు, కందిపప్పు, గుడ్లు, మజ్జిగ, ఆకుకూరలను తగినంతగా తీసుకోవడం మేలు. బజ్జీలు, చక్కెర కలిపిన పానీయాలు మానాలి. రోజుకు ఐదు టీలు తాగే యువకుడు చక్కెర రూపంలోనే సుమారు 200 కిలో కేలరీలు అదనంగా పొందుతున్నాడు.

మెట్ట గ్రామాలలో ఇందుకు విరుద్ధమైన సమస్య కూడా ఉంది. కూలి పనులకు వెళ్లే కుటుంబాలలోని పలువురు యువకులు ఉండవలసిన దానికన్నా తక్కువ బరువుతో ఉంటారు. వీరు ఆహారం తగ్గించరాదు. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగను పెంచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తహీనత పరీక్ష చేయించుకోవాలి.

24 వారాల సాధన

మొదటి 6 వారాలు: వారానికి ఐదు రోజులు, రోజుకు 40 నుండి 45 నిమిషాలు వేగంగా నడక, మధ్య మధ్య ఒకటి, రెండు నిమిషాల నెమ్మది పరుగు. అధిక బరువు గలవారు మొదటి రోజు నుండే వేగంగా పరుగెత్తితే మోకాళ్లు, ముంగాలి ఎముకలు దెబ్బతిని, కోలుకోవడానికే వారాలు వృథా అవుతాయి.

7 నుండి 14 వారాలు: వారానికి నాలుగు రోజులు 3 నుండి 5 కిలోమీటర్ల నిలకడ పరుగు. మిగిలిన రెండు రోజులు దండీలు, బస్కీలు, బీమ్ సాధన. పుల్‌అప్‌లు రానివారు మొదట బీమ్‌ను పట్టుకొని వేలాడటం, తరువాత పైనుండి నెమ్మదిగా కిందకు దిగడం అభ్యసించాలి.

15 నుండి 22 వారాలు: వారానికి రెండు రోజులు 400 మీటర్ల చుట్లను 82 సెకన్ల లక్ష్యంతో, మధ్యలో రెండు నిమిషాల విరామంతో ఆరు పర్యాయాలు పరుగెత్తాలి. రెండు వారాలకొకసారి 1.6 కిలోమీటర్లకు సమయం నమోదు చేసుకోవాలి.

చివరి 2 వారాలు: పరుగు దూరాన్ని సగానికి తగ్గించి, శరీరానికి విశ్రాంతినివ్వాలి. ఈ దశలో బరువు తగ్గే ప్రయత్నం చేయరాదు.

సాధన మధ్యలో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం వంటి లక్షణాలు కనిపిస్తే తక్షణమే సాధన ఆపి వైద్యుని సంప్రదించాలి.

ఎండ, నీరు

ఏప్రిల్, మే నెలలలో జిల్లాలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఈ కాలంలో సూర్యోదయానికి ముందే సాధన ముగించుకోవాలి. వేడికి శరీరం అలవాటు పడటానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. చెమట పట్టించి బరువు తగ్గాలని ప్లాస్టిక్ దుస్తులు, స్వెటర్లు ధరించి పరుగెత్తడం వడదెబ్బకు దారితీస్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లభించనిచోట లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగవచ్చును.

జిల్లాలోని అనేక గ్రామాల భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ అధికంగా ఉంది. దీర్ఘకాలం ఆ నీరు తాగితే దంతాలు, ఎముకలు దెబ్బతింటాయి. శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వంటి రక్షిత సరఫరా నీటినే తాగడం సైనిక కొలువు ఆశించే పిల్లలకు చిన్ననాటి నుండే అవసరం.

వైద్య పరీక్ష

పరుగులో నెగ్గిన తరువాత వైద్య పరీక్షలో వెనుదిరిగేవారూ ఉంటారు. చదును పాదాలు, మోకాళ్లు రాసుకోవడం, కాళ్లలో ఉబ్బిన నరాలు, వరిబీజం, హెర్నియా, చెవిలో గులిమి, దృష్టి లోపం, వర్ణాంధత్వం ఇందుకు ముఖ్య కారణాలు. దంత పరీక్షలో కనీసం 14 పాయింట్లు రావాలి. వీటిలో గులిమి తొలగింపు, దంత చికిత్స, వరిబీజం శస్త్రచికిత్స వంటివి ముందుగా చేయించుకోదగినవి. అందువలన సాధన ప్రారంభించే ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు చేయించుకోవడం ఉత్తమం. పచ్చబొట్టు విషయంలోనూ నిబంధనలున్నాయి. ముంజేతి లోపలి భాగం, అరచేతి వెనుక భాగంలో మాత్రమే శాశ్వత పచ్చబొట్టును అనుమతిస్తారు. ఆచారం రీత్యా పచ్చబొట్టు వేయించుకునే గిరిజన తెగలకు ప్రత్యేక వెసులుబాటు ఉంది. ర్యాలీలో ఉత్ప్రేరక మందుల వినియోగం నిషిద్ధం.

దళారులను నమ్మరాదు

సైనిక నియామకాలు పూర్తిగా ప్రతిభ ఆధారంగా జరుగుతాయి. పరుగు సమయం, వైద్య ఫలితం, బరువు కొలతలను డబ్బుతో మార్పిస్తామని చెప్పే దళారుల మాటలు నమ్మి, భూములు తాకట్టు పెట్టి మోసపోరాదు. అటువంటి వ్యక్తుల సమాచారం పోలీసులకు తెలియజేయాలి.

ఉమ్మడి అనంతపురం జిల్లా అభ్యర్థులు గుంటూరు సైనిక నియామక కార్యాలయం పరిధిలోకి వస్తారు. దరఖాస్తులను జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్ ద్వారా మాత్రమే సమర్పించాలి. ఉమ్మడి ప్రవేశ పరీక్షను తెలుగులోనూ రాసే సౌకర్యాన్ని 2025లో కల్పించారు. ఎత్తు, వయస్సు, సమయ ప్రమాణాలలో మార్పులు జరిగే అవకాశం ఉన్నందున, ఆయా సంవత్సరపు నోటిఫికేషన్‌లోని నిబంధనలే అంతిమంగా వర్తిస్తాయి. రాత పరీక్షకు దరఖాస్తు చేసిన రోజునే బరువు తూచుకొని నమోదు చేసుకున్న అభ్యర్థికి, ర్యాలీ నాటికి దానిని సరిచేసుకోవడానికి తగిన వ్యవధి లభిస్తుంది.