ఒక గంట పనికి ఒక రోజు కూలి: మత్తయి 20లో కృపకూ న్యాయానికీ ఉన్న సంబంధం

మత్తయి సువార్త 20వ అధ్యాయం మొదటి 16 వచనాల్లో ఉన్న ద్రాక్షతోట కూలీల ఉపమానం మిగతా మూడు సువార్తల్లో లేదు. తోట యజమాని తెల్లవారగానే సంత వీధికి వెళ్లి, రోజుకు ఒక దేనారం ఇస్తానని కూలీలను మాట్లాడుకుంటాడు. తొమ్మిది గంటలకు, మధ్యాహ్నం, మూడింటికి మళ్లీ వెళ్తాడు. పొద్దుగూకడానికి గంట ముందు వెళ్లినప్పుడు కూడా ఇంకా కొందరు నిలబడే ఉంటారు. సాయంత్రం అందరికీ తలా ఒక దేనారమే ముడుతుంది. పొద్దుటి నుంచి ఎండలో కష్టపడ్డవారు సణుగుతారు. ఈ కథకు ప్రసంగాల్లో సాధారణంగా వినబడే వివరణ ఒకటే: దేవుని కృప న్యాయానికి అతీతమైనది, అక్కడ లెక్కలు చెల్లవు. ఈ వివరణ సగమే నిజమని ఈ వ్యాసం వాదిస్తుంది. ఉపమానంలోని యజమాని లెక్కను ఎక్కడా చెరపడు, ఒప్పందాన్ని తప్పడు, ధర్మశాస్త్రాన్ని దాటడు. మారేది కొలత. కూలిని పని గంటలతో కొలిచే చోట అతడు కూలివాడి ఒక రోజు అవసరాన్ని కొలతగా పెడతాడు. ఆ కొలత కూడా అతడు కొత్తగా కల్పించింది కాదు, ఇశ్రాయేలు లేఖనాల్లో ముందునుంచీ ఉన్నదే.

ముందుగా కూలి సంగతి. దేనారం అప్పట్లో సాధారణ దినకూలి. తోబితు గ్రంథంలో కూడా తోడు వచ్చే మనిషికి రోజుకు ఒక ద్రాఖ్మా అని బేరం కుదురుతుంది, అది దాదాపు అంతే విలువ. ఒక కుటుంబం ఆ పూటకు గడవడానికి సరిపోయే డబ్బు తప్ప అందులో మిగులు లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అడ్డా మీద నిలబడే కూలీలను చూసిన పాఠకులకు దీని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు: పది దాటాక కూడా ఎవరూ పిలవకపోతే ఆ రోజు పొయ్యి వెలగడం అనుమానమే. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఈ పరిస్థితినే దృష్టిలో పెట్టుకుని, బీద కూలివాడు స్వదేశీయుడైనా పరదేశి అయినా సూర్యుడు అస్తమించకముందే అతని కూలి ఇవ్వాలని ఆజ్ఞాపిస్తుంది. అతడు దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడన్నదే కారణం. లేవీయకాండం 19లో కూడా కూలి మర్నాటిదాకా ఉంచుకోకూడదనే నియమం ఉంది. మత్తయి కథలో సాయంకాలం కాగానే గృహనిర్వాహకుణ్ణి పిలిచి డబ్బు పంచమనడం యాదృచ్ఛికమైన అలంకారం కాదు. యజమాని తన దాతృత్వం మొదలుపెట్టేది ధర్మశాస్త్రం పెట్టిన గడువు లోపలే. చట్టం కూలి ఎప్పుడు ఇవ్వాలో చెప్పింది. ఎందుకివ్వాలో కూడా చెప్పింది. అతడు ఆ 'ఎందుకు'ను చివరిదాకా తీసుకెళ్లాడు. ఆకలి పన్నెండు గంటలు పనిచేసినవాడికీ, ఒక్క గంట చేసినవాడికీ ఒకటే కదా.

ఈ కొలతకు పాత నిబంధనలో రెండు బలమైన ఆధారాలున్నాయి. నిర్గమకాండం 16లో మన్నా ఏరుకున్నవారిలో ఎక్కువ కూర్చుకున్నవారికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవారికి తగ్గలేదు. తలకు ఒక ఓమెరు, అంతే. రేపటికి దాచినది పురుగు పట్టింది. పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో, యెరూషలేము బీదల కోసం చందా అడుగుతూ, ఈ మన్నా వాక్యాన్నే ప్రస్తావిస్తాడు. కృప గురించి ఆయన అన్ని పత్రికల్లోనూ రాసినా, కృపను నేరుగా డబ్బుతో, సమానత్వంతో ముడిపెట్టిన చోటు ఇదే కావడం గమనించాలి. రెండో ఆధారం సమూయేలు మొదటి గ్రంథం 30వ అధ్యాయం. దావీదు వెంట యుద్ధానికి 400 మంది వెళ్లారు, అలసిపోయిన 200 మంది బెసోరు వాగు దగ్గర సామాను కాస్తూ ఉండిపోయారు. తిరిగొచ్చాక వెళ్లినవారిలో కొందరు వీరికి కొల్లసొమ్ములో వాటా లేదన్నారు. దావీదు ఒప్పుకోలేదు. అందరికీ సమంగా పంచి, ఆ పద్ధతిని కట్టడగా నిలిపాడు. ద్రాక్షతోట కథకు ఇంతకంటే దగ్గరి పూర్వరూపం లేఖనాల్లో మరొకటి దొరకదని నా అభిప్రాయం. ఎక్కువ కష్టపడినవారి సణుగుడు, అందుకు నాయకుడి జవాబు, సమాన భాగం, మూడూ అక్కడ ఉన్నాయి. వ్యాఖ్యాతలు దీనికి తగినంత చోటు ఇవ్వలేదు.

ఇవ్వకపోవడానికి కారణం బహుశా వేరే పోలిక వారిని ఆకర్షించడమే. జెరూసలేం తల్ముదులో, 28 ఏళ్లకే కన్నుమూసిన రబ్బీ బూన్ బర్ హీయా కోసం రబ్బీ జెయీరా చెప్పిన సంతాపవాక్యంలో ఇలాంటి కథే ఉంది. అందులో ఒక రాజు దగ్గర పనికి కుదిరిన కూలివాడు రెండు గంటలే పనిచేసి పూర్తి కూలి పొందుతాడు. మిగతావారు అడిగితే, మీరు రోజంతా చేసినదానికంటే అతడు రెండు గంటల్లో ఎక్కువ చేశాడని రాజు జవాబిస్తాడు. 20వ శతాబ్దపు జర్మన్ పండితుడు యోవాఖిమ్ యెరెమియాస్ ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి, అక్కడ యోగ్యత, ఇక్కడ కృప, ఇదే రెండు మతాల మధ్య తేడా అన్న ధోరణిలో రాశాడు. వినడానికి బాగుంది కానీ నిలవదు. చనిపోయిన యువ పండితుడి గౌరవార్థం చెప్పిన మాటను ఒక మతం మొత్తానికి సిద్ధాంతంగా తీసుకోవడం అన్యాయం. యూదు ధర్మంలో నిబంధన దేవుని అనుగ్రహంతోనే మొదలవుతుందని, ధర్మశాస్త్ర పాలన ఆ అనుగ్రహానికి స్పందన అని పండితుడు ఇ. పి. శాండర్స్ 1977లో విస్తృతంగా చూపించాక ఆ పాత విభజనను అలాగే వల్లించడం కుదరదు. పైగా దావీదు కట్టడ, మన్నా రెండూ యూదు లేఖనాల్లోవే. యేసు ఇశ్రాయేలు సంప్రదాయంలోని ఒక పాయను గట్టిగా పట్టుకుని మాట్లాడుతున్నాడు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. ఇది పరలోక రాజ్యం గురించిన ఉపమానం, కూలి రేట్ల గురించి కాదు కదా? సందర్భం కూడా ఈ ఆక్షేపణకే బలమిస్తుంది. 19వ అధ్యాయం చివర పేతురు, అన్నీ విడిచి వెంబడించిన తమకు ఏం దొరుకుతుందని అడుగుతాడు. ఉపమానం ముగిశాక కాసేపటికే జెబెదయి కుమారుల తల్లి వచ్చి కుడి ఎడమ స్థానాలు అడుగుతుంది. అంటే కథ శిష్యుల మధ్య పెద్దరికపు లెక్కల నడుమ నిలబడింది. ప్రాచీన వ్యాఖ్యాతలూ దీన్ని ఆత్మీయంగానే చదివారు. 2వ శతాబ్దపు ఐరేనియస్‌కు ఆ గంటలు లోక చరిత్రలోని యుగాలు. ఓరిజెన్ వాటిలో మనిషి వయసు దశలను కూడా చూశాడు. క్రిసోస్టోం పేరుతో ప్రచారంలో ఉన్న పస్కా ప్రసంగాన్ని ఆర్థడాక్స్ సంఘాలు ఇప్పటికీ పునరుత్థాన పండుగ నాడు చదువుతాయి. ఆలస్యంగా వచ్చినవారినీ విందుకు ఆహ్వానించే ఆ ప్రసంగం ఈ ఉపమానం మీదే నడుస్తుంది. ఆత్మీయ అర్థాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే ఉపమానం పనిచేయాలంటే దాని లోకం నిజమై ఉండాలి. దేనారం నిజంగా కడుపు నింపే డబ్బు అయితేనే రక్షణను దానితో పోల్చడానికి అర్థం ఉంటుంది. కృప ఆకలిగొన్నవాడికి అందే పూర్తి అన్నం లాంటిదని కథ చెబుతుంటే, మనం ఆకలిని తీసేసి సిద్ధాంతాన్ని మాత్రం మిగుల్చుకోవడం సబబు కాదు. యేసు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారమూ ఋణక్షమాపణా వెంటవెంటనే వస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మరో ఆక్షేపణ మామూలు పాఠకుడు వేసేది: ఇలా ఇస్తే మర్నాడు పొద్దున్నే ఎవరొస్తారు? కృప సోమరితనానికి లైసెన్సు కాదా? పౌలుకు కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అన్న వాదనను రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ఆయన ఖండిస్తాడు. ఉపమానం మాత్రం ఈ అనుమానానికి చోటే ఇవ్వదు. సాయంత్రం ఐదింటికి నిలబడినవారు సోమరులు కారు. తమను ఎవరూ పనికి పెట్టుకోలేదన్నది వారు చెప్పుకున్న కారణం, యజమాని దాన్ని తప్పుపట్టలేదు. సోమరి ఐదింటిదాకా సంతలో నిలబడడు, ఇంటికి వెళ్లిపోతాడు. దేవాలయ నిర్మాణం పూర్తయ్యాక యెరూషలేములో 18,000 మందికి పైగా పనివారు పని లేకుండా మిగిలారని చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. పని దొరకకపోవడం ఆ కాలంలో కూలివాడి స్వభావదోషం కాదని చెప్పడానికి ఈ ఒక్క సాక్ష్యం చాలు. పొద్దుటివారి ఫిర్యాదును కూడా సరిగ్గా వినాలి. తమకు తగ్గిందని వారు అనలేదు, ఎదుటివారిని తమతో సమానం చేశావని అన్నారు. వారికి నష్టం పైసా లేదు. కన్ను కుట్టింది పక్కవాడి చేతిలోని నాణెం చూసి.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ బైబిల్ పండితుడు విలియం హెర్జోగ్ 1994లో చేసినది. అతని దృష్టిలో ఈ యజమాని దేవుడు కాడు, కూలీలను దబాయించే భూస్వామి. తన సొత్తుతో తన ఇష్టం వచ్చినట్టు చేయకూడదా అన్న అతని మాట, భూమి యెహోవాదే అని ప్రకటించే లేవీయకాండం 25కు విరుద్ధం. ఈ వాదనలో నిజం ఉంది. ఆ మాట మనిషి నోట అహంకారమే. కానీ ఆ అధ్యాయం ప్రకారమే భూమి నిజంగా ఎవరిదో ఆయన నోట అది సత్యం. ఉపమానం యజమానిని పరలోక రాజ్యంతో పోల్చింది గనుక ఆ హక్కు ఒకరిదే, దాన్ని భూస్వామి అరువు తెచ్చుకోలేడు. ఈ తేడా మన నేల మీద పరీక్షకు వచ్చింది కూడా. జాన్ రస్కిన్ ఈ ఉపమానంలోని మాటనే పేరుగా పెట్టి 1860లో అర్థశాస్త్ర వ్యాసాలు రాశాడు. 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణంలో వాటిని చదివిన గాంధీ 1908లో 'సర్వోదయ' పేరుతో గుజరాతీలో వాటి సారాన్ని ప్రచురించాడు. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగిశాక తెలంగాణలో పాదయాత్ర చేసిన గాంధీ అనుచరుడు వినోబా భావే, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు అడిగితే ఊరి ముందు ఆ మాట ఉంచాడు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అలా పుట్టింది. తర్వాత దేశవ్యాప్తంగా దానమైన భూమిలో చాలా భాగం సాగుకు పనికిరానిదో, పంపకమే జరగనిదో అయింది. ఇచ్చేవాడి మనసు మీదే ఆధారపడిన దాతృత్వం చట్టం స్థానాన్ని నింపలేదని ఆ అనుభవం రుజువు చేసింది. ఉపమానం మీద మాత్రం ఆ తీర్పు పడదు, ఎందుకంటే అందులో దాతృత్వం చెల్లించాల్సిన కూలిని ఎవరికీ ఏమాత్రం తగ్గించలేదు. చేసిన పనికి కూలి ఎగ్గొట్టి దానధర్మాలు చేసేవాడికి ఈ కథలో చోటు లేదు. బిగబట్టిన కూలి దేవుని చెవిదాకా మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది.

కనుక కృపను న్యాయానికి ఎదురుగా నిలిపే వివరణ ఈ వచనభాగానికి సరిపోదు. ఈ ఉపమానం మీద ప్రసంగించేవారు దాన్ని ద్వితీయోపదేశకాండం 24తోనూ సమూయేలు మొదటి గ్రంథం 30తోనూ కలిపి చదివించాలి. సంఘంలో కూలి పని చేసేవారు ఉన్నచోట అది మరీ అవసరం.