అర్జీ ఊళ్లో, అధికారం పైన

తెలుగు నేల మీద పురపాలక సంఘాల చరిత్ర నూట అరవై ఏళ్లు దాటింది. భీమునిపట్నంలో 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడింది. 1866కల్లా రాజమండ్రి, కాకినాడ, గుంటూరు కూడా ఆ వరసలో చేరాయి. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఊరివాళ్ల ఫిర్యాదులు పెద్దగా మారలేదు: నీళ్లు చాలవు, మురుగు కదలదు, వీధిలో దీపం వెలగదు, పన్ను మాత్రం పెరుగుతుంది. మారనిది మరొకటి కూడా ఉంది. ఫిర్యాదు వినే మనిషి ఊళ్లోనే ఉంటాడు. దాన్ని తీర్చే అధికారం ఎప్పుడూ ఒక మెట్టు పైన ఉంటుంది.

మొదట్లో ఈ సంఘాలు జనం అడిగితే పుట్టినవి కావు. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా చిక్కిపోయిన కంపెనీ వారసులు రోడ్లు, పారిశుద్ధ్యంతో పాటు పోలీసు ఖర్చు భారం కూడా పట్టణాల నెత్తిన పెట్టాలనుకున్నారు. మద్రాసు ప్రభుత్వం 1865లో తెచ్చిన చట్టం వెనుక ఉన్న లెక్క అదే. కలెక్టరు కనుసన్నల్లో నామినేటెడ్ సభ్యులు కూర్చునేవారు. 1882లో వైస్రాయ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం, దాని వెంట 1884 చట్టం వచ్చాక ఎన్నికైన సభ్యులకు చోటు పెరిగింది. ఓటు మాత్రం పన్ను కట్టే కొద్దిమందికే. అయినా ఆ కాస్త సందులోంచే నాయకులు పుట్టుకొచ్చారు. టంగుటూరి ప్రకాశం 1904లో రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. ఆయన ప్రజాజీవితం మొదలైంది అక్కడే.

ఊరు తన మునిసిపాలిటీని ఎదిరించిన ఘట్టం చీరాలది. 1919లో చీరాల, పేరాల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేశారు. అంతకు ముందు ఏటా నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు ఎగబాకింది. కట్టాల్సిన వాళ్లలో ఎక్కువమంది మగ్గం నేసుకునేవాళ్లు, చిన్న రైతులు. అర్జీలు పెట్టారు, మొర ఆలకించలేదు. పన్ను కట్టబోమని మొండికేస్తే జైలుకు పంపారు. ఆ రోజుల్లో మద్రాసులో స్థానిక స్వపరిపాలన మంత్రి తెలుగువాడే, పానగల్లు రాజా. అయినా నిర్ణయం మారలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఇళ్లకు తాళాలు వేసి, ముంత, మూట, మంచం సర్దుకుని ఊరి సరిహద్దు దాటారు. మునిసిపాలిటీ హద్దు బయట పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు కాపురం చేశారు. దుగ్గిరాలను జైల్లో పెట్టారు. చివరికి జనం అలసిపోయి ఇళ్లకు తిరిగొచ్చారు, మునిసిపాలిటీ మిగిలింది. దేశమంతా చెప్పుకున్న పోరాటమే, కానీ అధికారం పైనే ఉండిపోయింది.

నిజాం రాజ్యంలో కథ వేరు. హైదరాబాదులో మునిసిపల్ పాలన 1869లో, సాలార్ జంగ్ కాలంలో మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచాక విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, తర్వాత హిమాయత్‌సాగర్ వచ్చాయి. పని గొప్పగా జరిగింది, జనాన్ని అడిగి మాత్రం కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక అందరికీ ఓటు వచ్చింది. కానీ 1955 నాటి హైదరాబాదు కార్పొరేషన్ల చట్టం కార్యనిర్వాహక అధికారాన్ని ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో పెట్టింది. మేయర్ సభ నడుపుతాడు. దానికి తోడు 1989లో నీటి సరఫరా చూసే జలమండలి వేరే సంస్థగా ఏర్పడింది. కౌన్సిల్ సమావేశంలో జీరో అవర్ చూస్తే దీని ఫలితం కళ్లకు కడుతుంది. కార్పొరేటర్ తన డివిజన్ నల్లాలోంచి పట్టిన పచ్చటి నీళ్ల సీసా ఎత్తి చూపిస్తారు. పక్కనున్నవాళ్లు బల్లలు చరుస్తారు. మేయర్ అధికారి వైపు చూస్తారు. ‘సంబంధిత శాఖ దృష్టికి తీసుకెళ్తాం’ అని జవాబు. సీసా బల్ల మీదే ఉంటుంది, సభ తర్వాతి అంశానికి పోతుంది.

ఆ సభ అయినా ఎప్పుడూ ఉందా? హైదరాబాదు 1986కు ముందు పదిహేనేళ్లకు పైగా, మళ్లీ 1991 నుంచి 2002 దాకా ఎన్నికల్లేకుండా గడిపింది. రెండో విరామం మధ్యలోనే, 1993 జూన్ 1న, 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పాలకవర్గం గడువు ఐదేళ్లని, ఆ గడువు తీరేలోపే ఎన్నికలు జరగాలని అది చెప్పింది. అయినా విశాఖ కార్పొరేషన్‌కు 2007 తర్వాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి ఊరు చీకట్లో మగ్గినప్పుడు, వీధి బాధ చెప్పుకోడానికి విశాఖ వాసికి ఒక్క కార్పొరేటర్ కూడా లేడు.

చీరాల సత్యాగ్రహానికి సరిగ్గా వందేళ్లకు, 2021లో, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మళ్లీ పన్ను గొడవ రేగింది. ఇంటి విలువను బట్టి ఆస్తి పన్ను, ఇంటింటి చెత్త సేకరణకు వినియోగ రుసుము. రెండోదానికి జనం పెట్టిన పేరు చెత్త పన్ను. కాలనీ సంఘాలు రోడ్డెక్కాయి, కౌన్సిళ్లలో వాదోపవాదాలు నడిచాయి. ఆ రుసుము వసూలు చెయ్యమన్నది రాష్ట్ర ప్రభుత్వం. 2024లో ఎత్తేస్తున్నట్టు ప్రకటించిందీ రాష్ట్ర ప్రభుత్వమే. మధ్యలో మాట పడింది మాత్రం వార్డులో తిరిగే కౌన్సిలర్.

అర్జీ పెట్టే దారి మాత్రం సులువైంది. ఒకప్పుడు స్టాంపు కాగితం, తర్వాత ప్రజావాణి క్యూ, ఇప్పుడు సెల్‌ఫోన్ యాప్. గుంత ఫోటో పంపితే నెంబరు వస్తుంది. కానీ యాప్‌లో ఎవరి గుంత వాళ్లదే; వీధంతా ఒకచోట కూర్చుని ముందు ఏది తవ్వాలి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అని తేల్చుకునే వేదిక అది కాదు. అడిగితే జరుగుతుందన్న నమ్మకం సడలడం వల్లే కాబోలు, హైదరాబాదును వరద ముంచిన కొద్ది వారాలకే, 2020 డిసెంబరులో, జీహెచ్‌ఎంసీ ఎన్నికలొస్తే సగం మంది ఓటర్లు కూడా బూత్ మెట్లెక్కలేదు.

వీధంతా కూర్చుని తేల్చుకునే వేదిక రాజ్యాంగంలో ఉంది. మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న ప్రతి పట్టణంలోనూ వార్డు కమిటీలు ఉండాలని 74వ సవరణ చెబుతోంది. చాలాచోట్ల అవి కాగితం దాటి రాలేదు. ఈసారి ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని రోడ్డు గురించి, దీపం గురించి తర్వాత అడుగుదాం. ముందు అడగాల్సింది ఒకటే: మన వార్డు కమిటీ ఏ తారీకున కూర్చుంటుంది?