శైత్యగర్భమున ఉష్ణాన్వేషణము

రేడియము ఎడతెగక వెలువరించు వేడిమిని 1903లో పియరీ క్యూరీ, ఆల్బర్ట్ లబోర్డ్ అనువారు కొలిచిరి. అయితే ఒక్కొక్క కణము విడుచు వేడిమి అత్యల్పమగుటచే, సాధారణోష్ణతయందు అది పరమాణువుల సహజకంపనములలో లీనమైపోవును. పదార్థమును పరమశూన్యమునకు చేరువగా చల్లార్చినచో దాని ఉష్ణధారణశక్తి క్షీణించి, లేశమాత్రపు వేడికే ఉష్ణోగ్రత స్పష్టముగా పెరుగునని గ్రహించి, ఫ్రాంజ్ సైమన్ 1935లోనే రేడియోధార్మికతను అతిశైత్యమున కొలువవచ్చునని ప్రతిపాదించెను. ఆ సూచన ఫలించుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది.

తన గురుత్వప్రభావమునుబట్టి మాత్రమే ఊహింపబడుచున్న కృష్ణపదార్థము భూమిపై కేంద్రకములను తాకినచో పట్టుబడవచ్చునని 1985లో గుడ్‌మన్, విట్టెన్ అనువారు చూపిన పిదప, ఇటలీలో గ్రాన్ సాసో పర్వతము క్రింద, 1400 మీటర్ల శిల అంతరిక్షకిరణములను అడ్డగించు ప్రయోగశాలలో, ఈ అతిశైత్యపద్ధతినే చేపట్టి క్రెస్ట్ అను ప్రయోగము వెలసెను. స్ఫటికముపై పూసిన పలుచని టంగ్‌స్టన్ పొర, సుమారు 15 మిల్లీకెల్విన్ల వద్ద, అతివాహకతకును సామాన్యవాహకతకును నడిమి సంధిలో నిలుపబడి, కణతాడనమున పుట్టిన అణుమాత్రపు వేడికే తన నిరోధమును ఎంతో మార్చుకొనును. ఈ సంధిని నిలకడగా కాపాడుటయే ఆ విద్యకు ప్రాణము.

అదే పర్వతగర్భమున అదే అన్వేషణకై అన్యులు టన్నులకొలది ద్రవ జెనాన్‌ను నింపుచుండగా, క్రెస్ట్ వారు కడపట తమ స్ఫటికమును చిన్నది చేసికొనిరి. తొలుత 262 గ్రాముల నీలమణి స్ఫటికము, పిదప 300 గ్రాముల కాల్షియం టంగ్‌స్టేట్, తుదకు 24 గ్రాములు. తేలికపాటి కణము కేంద్రకమును కొట్టుట ఆవగింజ విసరి గుమ్మడికాయను కదల్చ జూచుటవంటిది; అట్టి చలనమును గుర్తించుటకు పరిమాణముకంటె సూక్ష్మస్పర్శయే ముఖ్యమనిన వారి నిర్ణయము నాకు మిక్కిలి శ్లాఘనీయముగా తోచును. 2019లో వారు ప్రకటించిన ఫలితములలో శోధకము 30 ఎలక్ట్రాన్ వోల్టుల తాకిడిని సైతము గుర్తించి, ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఆరవవంతు గల కణముల వరకు అన్వేషణను దింపినది.

అంత సూక్ష్మమున, 200 ఎలక్ట్రాన్ వోల్టులకు దిగువను, ఎదురుచూడని ఘట్టనలు పెక్కు కనబడెను. కాలక్రమమున అవి తగ్గుచు, శోధకమును కొంత వేడిచేసి మరల చల్లార్చినపుడు హెచ్చుటచేత, అవి కృష్ణపదార్థపు జాడలు కావని పరిశోధకులే తేల్చిచెప్పి, స్ఫటికమును పట్టియుంచు బిగింపులను సయితము మార్చి చూచుచు, వాని మూలమును వెదకుచున్నారు.